కొల్లేటికి రెడ్ అలర్ట్

"కొల్లేటి ప్రజలకు రెడ్ అలర్ట్ సాధించేదాకా నేను నిద్రపోను!"

తాడేపల్లిగూడెం పార్టీ ఆఫీసులో మంత్రి బంగార్రాజు గారు ఈ ప్రతిజ్ఞ చేసినప్పుడు ముందు వరసలో కూర్చున్న ఏడుకొండలుకి ఒళ్ళు పులకరించింది. మంత్రిగారు అదే సమావేశంలో, స్వాగతోపన్యాసం సాగుతుండగా, ఒక కునుకు తీసి లేచారు కనుక ప్రతిజ్ఞ నిలబెట్టుకోవడానికి కావలసిన ఓపిక ఆయనకి ఉందని అందరికీ నమ్మకం కుదిరింది.

సంగతేమిటంటే, ఆ ఉదయం వాతావరణ కేంద్రం ఒక హెచ్చరిక విడుదల చేసింది. వచ్చే వారం పడమటి నుంచి ఈదురుగాలులు బలంగా వీస్తాయనీ, ఎండిన గడ్డి, పొదలు ఉన్నచోట కార్చిచ్చు రేగే ప్రమాదం ఉందనీ దాని సారాంశం. దాంతోపాటు ఒక రంగుల పటం. అందులో మెట్ట మండలాలకి ఎరుపు పూశారు, కొల్లేటి మండలాలకి నారింజ పూశారు. మామూలు మనిషి ఆ పటం చూస్తే ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడుందో చూసుకుంటాడు. బంగార్రాజు గారు మామూలు మనిషి కారు. ఆయనకి అందులో డెల్టాకి జరిగిన అన్యాయం కనిపించింది.

అప్పటికప్పుడు వాతావరణ కేంద్రంలో పనిచేసే రఘురామ్ గారికి ఫోన్ కలిపించి, అందరూ వినేలా స్పీకర్ పెట్టారు.

"ఏవండీ రఘురామ్ గారూ, మెట్టకి రెడ్డూ, మాకు ఆరెంజా? ఏంటండీ ఈ వివక్ష?"

"వివక్ష కాదండీ. మెట్టలో కొండలున్నాయి, అడవి ఉంది. గాలి కూడా అటే ఎక్కువండి."

"మాకు గాలి ఎంత ఇస్తున్నారండీ?"

"గంటకి నలభై కిలోమీటర్లండి."

"మెట్టకి?"

"అరవై ఉండొచ్చండి."

"మరి మధ్యలో ఆ ఇరవై ఎవరు తినేశారండీ?"

రఘురామ్ గారు లెక్క మళ్ళీ మొదటినుంచి చెప్పబోయారు. చదువుకున్నవాళ్ళు ఇలాంటి సూటి ప్రశ్నలకి ఇట్టే తడబడతారు.

"పైగా మాకు కొల్లేరు ఉంది కదండీ," అన్నారు మంత్రిగారు.

"అది సరస్సు కదండీ."

"మీరెప్పుడైనా మే నెలలో వచ్చి చూశారా అండీ? నీళ్ళెక్కడున్నాయి? అంతా జమ్ము గడ్డేగా! మనిషెత్తున ఎండిపోయి నిలబడి ఉంది. అగ్గిపుల్ల పడితే చాలు, మెట్టోళ్ళ అడవి ఏ మూలకండీ?"

"అయితే ముందు ఆ జమ్ము కోయించండి సార్. చాలా మంచి పని."

"కోయిస్తే రెడ్ ఇస్తారా?"

"కోయిస్తే రెడ్ అక్కర్లేదండి."

మంత్రిగారు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి కార్యకర్తలవైపు తిరిగారు. "చూశారా కుట్ర! ఉన్న జమ్ము కూడా మనకి లేకుండా చేద్దామని చూస్తున్నారు!"

ఏడుకొండలు అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. అతను కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో పార్టీ అధ్యక్షుడు. కాస్త వరిపొలం, పెరట్లో రెండు పాడిగేదెలు, ఇంట్లో గంగాభవాని అనే భార్య, మనసులో ఒకే ఒక్క కోరిక. ఆ కోరిక ఛైర్మన్ కావాలని. దేనికి ఛైర్మన్ అన్న పట్టింపు అతనికి లేదు. కారు ముందు బిగించుకునే బోర్డు మీద 'ఛైర్మన్' అన్న మాట ముందే రాయించి, దాని పక్కన చోటు ఖాళీగా ఉంచి, అటక మీద భద్రంగా పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి భవాని వాకిట్లోనే ఎదురైంది. ఆవిడ కూడా ఫోన్‌లో ఆ హెచ్చరిక చూసింది. కానీ ఆవిడకి రాజకీయ పరిజ్ఞానం తక్కువ.

"ఏవండీ, గాలులొస్తాయంటండి. మన గడ్డిమేటు వెనకాలే జమ్మంతా ఎండిపోయి ఉంది. మనుషుల్ని పెట్టి కోయించండి. ఆ గడ్డి పోయిందంటే మళ్ళీ పంట వచ్చేదాకా గేదెలకి ఏం వేస్తాం?"

"ఆయ్, కోయిస్తానే. రేపే కోయిస్తాను. ముందు రెడ్ అలర్ట్ రానీ."

"వచ్చాక కోస్తారా?"

"మరి! ఆరెంజ్‌కే కోసేస్తే రేపు రెడ్ వచ్చాక ఏం చేస్తాం?"

భవానికి ఈ వాదంలోని బలం అర్థం కాలేదు. ఆవిడ గేదెలవైపు చూసి నిట్టూర్చింది. ఆవిడ నిట్టూరిస్తే ఏడుకొండలుకి కాస్త గుండె దడ. అందుకని తలొంచుకుని భోజనానికి కూర్చున్నాడు.

మర్నాడు ఏలూరులో రిలే నిరాహార దీక్ష మొదలైంది. టిఫిన్ అయ్యాక కూర్చుని, భోజనాల వేళకి నిమ్మరసం తాగి లేచేలా పకడ్బందీగా ఏర్పాటు చేశారు. "గాలి మా హక్కు! ఎరుపు మా రంగు!" అని ఏడుకొండలు మైకులో అరుస్తుంటే రోడ్డున పోయేవాళ్ళు కూడా ఆగి, ఏదో మంచి పథకమే అయ్యుంటుందని పేర్లు రాయించుకున్నారు. ఒక విలేకరి మాత్రం, ప్రభుత్వంలో ఉంటూ మంత్రిగారు దీక్షకి కూర్చోవడమేమిటని అడిగాడు.

"గాలి ప్రభుత్వంలో లేదు కదండీ," అన్నారు బంగార్రాజు గారు.

ఈ జవాబు మర్నాడు పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చింది.

దీక్ష ఇలా సాగుతుండగా గాలి నిజంగానే కొల్లేటివైపు బలం పుంజుకుంది. వాతావరణ కేంద్రం పటాన్ని సవరించింది. కొల్లేటి మండలాలన్నీ ఎర్రబడ్డాయి. దీక్షా శిబిరంలో ఒకటే కేరింతలు. జనం మంత్రిగారిని భుజాలమీదికి ఎత్తేశారు. "గాలి దిగొచ్చింది!" అని ఆయన అక్కణ్ణుంచే ప్రకటించారు. సాధించినందుకు విజయోత్సవ సభ జరపాలనీ, అది ఏడుకొండలు ఊళ్ళోనే, కొల్లేటి గర్భంలోనే జరపాలనీ తీర్మానమైంది. మంత్రిగారు ఏడుకొండలు భుజం తట్టి, "సభలో నీకో శుభవార్త చెప్తానయ్యా," అన్నారు. ఏడుకొండలుకి అటక మీద బోర్డు కళ్ళముందు మెరిసింది.

సభ ముందురోజు రఘురామ్ గారు ఏడుకొండలుకే నేరుగా ఫోన్ చేశారు.

"ఏవండీ ఏడుకొండలు గారూ, రేపు గాలి డెబ్బై దాటేలా ఉందండి. ఆ సభ వాయిదా వేయించండి. వేయించలేకపోతే కనీసం టపాకాయలు కాల్చనివ్వకండి, మీకు దణ్ణం పెడతాను."

"డెబ్బయ్యా అండీ? మెట్టకెంతండీ?"

"యాభై అయిదు."

"చాలా సంతోషమండి!" అన్నాడు ఏడుకొండలు, కళ్ళు చెమ్మగిల్లగా.

ఫోన్ పెట్టేశాక మాత్రం అతనికి గడ్డిమేటు గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే భయమేసింది. వెంటనే కొడవళ్ళతో కూలీలని పిలిపించాడు కూడా. వాళ్ళు జమ్ములోకి దిగబోతుండగా మంత్రిగారి పీఏ ఫోన్ చేసి, సభ ప్రచారపు ఊరేగింపుకి జనం చాలట్లేదు, దొరికినవాళ్ళని దొరికినట్టు పంపమన్నాడు. ఏడుకొండలు జమ్మువైపు చూశాడు. రోడ్డు మీద ఆగి ఉన్న ప్రచారం ఆటోలవైపు చూశాడు. కూలీలని కొడవళ్ళతో సహా ఆటో ఎక్కించి ఊళ్ళో ఊరేగింపుకి పంపించాడు.

"రేపు పొద్దున్నే కోయిస్తానే," అన్నాడు భవానితో.

"రేపేగా గాలి?" అంది ఆవిడ.

సభ రోజు రానే వచ్చింది. ఎండిన కొల్లేట్లో వేదిక, దానికి తూర్పున జమ్ము, ఆ జమ్ము చివర ఏడుకొండలు గడ్డిమేటు. పొద్దుటినుంచే పడమటి గాలి షామియానాలని గుంజుతోంది. రెడ్ అలర్ట్ వల్ల ఊరికి ఒక లాభం మాత్రం కలిగింది. ఒక ఫైరింజన్ వచ్చింది. ఊరంతా దాని చుట్టూ చేరి ఫొటోలు దిగారు. అయితే మంత్రిగారు వేసుకొచ్చేవి తెల్లబట్టలు, దారంతా దుమ్ము. అందుకని ఆ ఫైరింజన్ చేత రోడ్డు పొడవునా నీళ్ళు చల్లించారు. చక్కగా తడిసింది. ఒక్క రేణువు లేవలేదు. ఫైరింజన్ ఇంత ప్రజోపయోగకరమైన వాహనమని ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరికీ తెలియదు.

మంత్రిగారు రాగానే క్రేన్‌తో గజమాల వేశారు. ఆ మాల ఆయన కాన్వాయ్‌లోనే, వేరే వ్యాన్‌లో వచ్చింది. కారంత లావు బంతిపూల మాల. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆ వడగాలిలో ఒక్క రేకు వాడలేదు. మంత్రిగారి హస్తవాసి అలాంటిదని అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఎర్రరంగు పటాన్ని పెద్ద ఫ్లెక్సీగా వేయించి, దానికి పాలాభిషేకం చేశారు. పాలు భవాని గేదెలవే. ఆవిడ ఇవ్వననలేదు గానీ, ఇచ్చేటప్పుడు బిందె కాస్త గట్టిగా కింద పెట్టింది.

"కొల్లేటి కార్చిచ్చు నివారణ సాధికార కమిటీని ఏర్పాటు చేస్తున్నాం," అన్నారు మంత్రిగారు మైకులో. "దానికి ఛైర్మన్ మన ఏడుకొండలు!"

ఏడుకొండలుకి ఆనందంతో చెవులు పనిచెయ్యడం మానేశాయి. కమిటీ పేరు బోర్డు మీది చోటులో పడుతుందా అన్న ఒక్క బెంగ తప్ప అతనికి ఈ లోకంలో ఇంకే బెంగా లేదు. మంత్రిగారు తన మెళ్ళోని గజమాలని క్రేన్‌తోనే ఎత్తించి అతని మెళ్ళో వేయించారు. ఆ బరువుకి అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అందరూ దాన్ని వినయం అనుకున్నారు. సరిగ్గా అప్పుడే, ఛైర్మన్ గారి గౌరవార్థం, ఎవరో అభిమానులు టెన్ థౌజండ్ వాలా అంటించారు.

గాలి దాని నిప్పురవ్వల్ని ఎత్తుకుపోయింది. జమ్ము భగ్గుమంది.

కొల్లేరు కొల్లేరంతా ఒక్కసారి ఎర్రబడింది. జనం తలో దిక్కూ పరిగెత్తారు. భవాని మాత్రం ఇంటివైపు పరిగెత్తి, గేదెల పలుపులు విప్పి రోడ్డెక్కించేసింది. ఏడుకొండలు గజమాలలోంచి ఎలాగో బయటపడి, "ఫైరింజన్! ఫైరింజన్!" అని అరిచాడు. ఫైరింజన్ వచ్చింది. పైపు విప్పారు. అందులోంచి గాలి వచ్చింది. గాలికి ఆరోజు కొదవ లేదు. నీళ్ళన్నీ రోడ్డు మీద ఉన్నాయి. అతను అభిషేకంలో మిగిలిన పాలబిందె ఎత్తుకుని పరిగెత్తి, మేటు మీద కుమ్మరించాడు. మేటులో ఒక మూల చుయ్యిమంది. మిగతాది మండింది. ఏడాది గ్రాసం అతను చూస్తుండగానే కూలిపోయింది. అతను నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మనుషులకి దెబ్బలు తగల్లేదు. మంత్రిగారు పొగ వెనకాల కనిపించేలా నిలబడి టీవీలతో మాట్లాడారు.

"నేను మొదటినుంచీ చెబుతున్నానా లేదా అండీ? కొల్లేటికి రెడ్ అలర్ట్ అక్కర్లేదన్నవాళ్ళు ఇప్పుడు ఏం సమాధానం చెబుతారు? మెట్టలో ఒక్క మంటైనా లేచిందా? ఇది ప్రజల విజయం!"

చప్పట్లు మోగాయి. అలవాటు కొద్దీ ఏడుకొండలు చేతులు కూడా లేచాయి. మసీ, పాలూ కలిసి జిగటగా అంటుకుపోవడంతో చప్పుడు రాలేదు.

మర్నాటికి గాలి పడిపోయింది. వాతావరణ కేంద్రం కొల్లేటి మండలాలకి ఆకుపచ్చ రంగు వేసింది. పొద్దున్నే మంత్రిగారి ఫోన్.

"ఏవయ్యా ఛైర్మనూ, చూశావా? అంత కష్టపడి సాధించుకున్న రెడ్‌ని రాత్రికి రాత్రి ఎత్తేశారు! ఊరుకుంటామా? సాయంత్రానికల్లా ఏలూరులో టెంట్ వేయించు."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు ఏడుకొండలు.

పెరట్లో గేదెలు ఖాళీ కుడితిగోలెంలో మూతులు పెట్టి అరుస్తున్నాయి. మేటు ఉన్నచోట బూడిద ఇంకా వెచ్చగా ఉంది. భవాని అతనివైపు చూడకుండా బూడిదని తట్టలోకి ఎత్తుతోంది. తిట్టినా బాగుండేది అనిపించింది అతనికి. ఏం చెయ్యాలో తోచక సభాస్థలానికి వెళ్ళి, అక్కడ పడి ఉన్న గజమాలని తాడుకట్టి ఈడ్చుకొచ్చాడు.

"ఇదిగోనే, ఇవాళ్టికి దీంతో సర్దుదాం. ఇన్ని పూలు! రెండుపూటలా వస్తాయి."

ఒక గేదె ఆశగా దగ్గరికొచ్చింది. మూతి పెట్టి వాసన చూసింది. తల తిప్పేసుకుంది. రెండోది అంతవరకు కూడా రాలేదు.

"పొగకి బెదిరినట్టున్నాయే. నువ్వు తుంపి పెట్టు, నీ చేత్తో అయితే తింటాయి," అన్నాడు ఏడుకొండలు.

భవాని వంగి, మాలలోంచి ఒక బంతిపువ్వు పట్టుకుని రేకు తుంపబోయింది. అది తెగలేదు. సాగింది.