లాగ్‌బుక్కులో ఒక రిబ్బను

ఢిల్లీలోని ఒక పెద్దాసుపత్రి సర్జరీ విభాగంలో కుల వివక్ష లేదని పెద్ద డాక్టర్లు ఏకగ్రీవంగా తీర్మానించారు. చేతులెత్తిన వారందరూ ఒకే కులంవారు కావడం కేవలం కాకతాళీయం.

ఈ తీర్మానం అవసరం కావేరి వల్ల వచ్చింది. కరీంనగర్ నుంచి పీజీ చదవడానికి వచ్చిన ఆ అమ్మాయిని చూసి విభాగాధిపతి పార్థసారథి గారు మొదటిరోజు ఎంతో మురిసిపోయారు. "మన తెలుగమ్మాయి. ఆదివారం ద్వారకలో మా ఇంటికి భోజనానికి రామ్మా" అన్నారు. మధ్యాహ్నానికి ప్రవేశాల జాబితా వచ్చింది. అందులో పేరు పక్కన కేటగిరీ అని ఒక గడి ఉంటుంది. ఆనాటి నుంచి దాదాపు మూడేళ్లుగా పార్థసారథి గారి వంటమనిషికి ఒంట్లో బాగుండటం లేదు.

కావేరికి ఒకటే పిచ్చి కోరిక, ఆపరేషన్ చేయాలని. స్వయంగా చేసిన ఆపరేషన్లను లాగ్‌బుక్కులో రాసి పెద్ద డాక్టరు సంతకం తీసుకోకపోతే ఆఖరి పరీక్షకు కూర్చోనివ్వరు. తోటివాళ్ల పుస్తకాలు నిండిపోయాయి. కావేరి రక్తం సీసాలు మోసింది, ఆ తోటివాళ్లు కోసిన రోగుల డిశ్చార్జి కాగితాలు రాసింది. కత్తి అడిగినప్పుడల్లా సీనియర్లు "ఎంట్రన్స్‌లో నీ ర్యాంకెంత?" అని ఆప్యాయంగా అడిగేవారు. తీసేవాడి ర్యాంకు తెలిస్తే తప్ప అపెండిక్స్ ఊడిరాదని వైద్యశాస్త్రంలో ఎక్కడో ఉండే ఉంటుంది.

చివరికి ఆమె ఫిర్యాదు చేసింది. వెంటనే విచారణ సంఘం వేశారు. విభాగం గురించి పార్థసారథి గారికంటే బాగా తెలిసినవారు లేరు కనుక అధ్యక్షులు ఆయనే. సాక్ష్యమేదీ అంటే కావేరి తన ఖాళీ లాగ్‌బుక్కు చూపించింది. ఆయన ప్రతి పేజీ ఓపికగా తిప్పి, "ఇందులో ఏమీ లేదు కదమ్మా" అన్నారు. ఏమీ లేనందున ఫిర్యాదు కొట్టేశారు.

అయినా పిల్ల మనసు నొచ్చుకోకూడదని సమానత్వ వారోత్సవం జరిపారు. మయూర్ విహార్ తెలుగు సంఘం పెద్ద సదాశివరావు గారు ముఖ్య అతిథి. "కులమంటే ఏమిటో నాకు తెలియదు. మా తాతగారికీ తెలియదు. మా వంశంలోనే తెలియదు" అని ఆయన గంటంపావు ప్రసంగించారు. ప్రారంభానికి కావేరిని పిలిచి, మొట్టమొదటిసారి ఆమె చేతికి కత్తెర ఇచ్చారు. ఆ సాయంత్రమే లాగ్‌బుక్కులో తొలి సంతకం పడింది: "రిబ్బను ఒకటి. స్వయంగా కోసినది. రక్తస్రావం లేదు."

కావేరి గదికి వెళ్లి ఏడ్చింది. పరీక్షకు ఇంకా నెలే ఉంది.

మర్నాడు డాక్టర్లందరూ సమానత్వంపై సదస్సుకు గురుగ్రామ్ వెళ్లారు. వార్డు చూసుకోవడానికి ఒకరుండాలి కాబట్టి కావేరిని ఉంచారు. సరిగ్గా అప్పుడే సదాశివరావు గారు పొట్ట పట్టుకుని వచ్చారు. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉంది. ఫోన్ చేస్తే పార్థసారథి గారు, "ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానమ్మా, నువ్వే కానిచ్చెయ్" అన్నారు. ర్యాంకు అడగడం మరిచిపోయారు.

కావేరి చేసింది. ఆ ముప్పావుగంటా ఆమె సంతోషంగా ఉంది.

మూడోరోజు రౌండ్స్‌లో సదాశివరావు గారు నిండు ఆరోగ్యంతో, "పార్థసారథి గారూ, ఈ అమ్మాయిది బంగారు చెయ్యి. నాకు మళ్లీ ప్రాణం పోసింది" అన్నారు. పార్థసారథి గారు కాదనలేక, లాగ్‌బుక్కు తెరిచి పెన్ను మూత తీశారు.

"ఇంతకీ మీ ఇంటిపేరేంటమ్మా?" అన్నారు సదాశివరావు గారు, ముచ్చటగా.

కావేరి చెప్పింది.

"అచ్ఛా" అన్నారాయన. పొట్ట తడుముకున్నారు. "పార్థసారథి గారూ, లోపల ఏదో లాగుతున్నట్టుంది. కుట్లు మీరోసారి చూస్తారా?"

"పొట్ట మీదనే కుట్టిన సార్, ఇంటిపేరు మీద కాదు" అంది కావేరి.

పార్థసారథి గారు చూశారు. కుట్లలో ఏ లోపమూ కనబడలేదు. లోపం లేదు కనుక అవి తన పర్యవేక్షణలోనే పడి ఉంటాయని నిర్ధారించుకుని, లాగ్‌బుక్కులో ఆపరేషన్ చేసినవారి గడిలో తన పేరు రాసుకున్నారు. కావేరి పేరు సహాయకుల గడిలో రాశారు. పరీక్షకు ఆ గడి చెల్లదు.

కావేరి చెప్పిన ఇంటిపేరు ఇక్కడ రాయలేదు. చదువరులందరూ ఆమె పక్షమేననీ, జరిగింది ఘోరమని ఒప్పుకుంటారనీ తెలుసు. ఒప్పుకుంటూనే, అది ఏమై ఉంటుందా అని మనసులో రెండు మూడు పేర్లు అనుకుని చూసినవారు చేతులెత్తనక్కర్లేదు. ఎత్తితే లెక్కపెట్టలేం.