తొంభై ఆరు ముడతలు

1986 ఏప్రిల్‌లో ఒక ఉదయం, ఆగిరిపల్లి మామిడితోటలో కూలి చేసే కనకమ్మ కాయకోతకు ఎగనామం పెట్టి ఫొటోకి బయలుదేరింది. ఎండకు చర్మం ఎంత ముడతపడుతుందో తేల్చడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ప్రభాకరరావు, తోటల్లో పనిచేసేవాళ్ల ముఖాలూ, నీడపట్టున ఉండేవాళ్ల ముఖాలూ పక్కనుంచి లైటు వేసి ఫొటోలు తీస్తున్నాడు. వాటిని కంప్యూటర్ చుక్కలు చుక్కలుగా విడగొట్టి ముడతలెన్నో లెక్కగడుతుందట. వయసు కాగితం లేక వృద్ధాప్య పింఛను మూడుసార్లు పోగొట్టుకున్న కనకమ్మకు ఇక ఆ లెక్కే దిక్కనిపించింది. అందుకని నాలుగు రోజులుగా ముఖానికి నూనె చుక్క తగలనివ్వలేదు.

తోట యజమానురాలు పుష్పవతిగారు తొమ్మిదేళ్లుగా నలభై దగ్గరే ఆగిపోయిన మనిషి. పుట్టిల్లూ అత్తిల్లూ ఆ ఊళ్లోనే. కంప్యూటర్ దగ్గర పరువు పోకూడదని స్నో రాసి, పైన పౌడరు దట్టించి వచ్చి కూర్చున్నారు.

"నవ్వకండి మేడమ్," అని, ప్రభాకరరావు కనకమ్మ వైపు తిరిగాడు. "నువ్వలా మొహం చిట్లించకమ్మా, మామూలుగా ఉండు."

"మామూలుగా ఉంటే పింఛనెవరిస్తారు బాబూ?" అంది కనకమ్మ.

ఎండకు చెమట పట్టింది. పుష్పవతిగారి పౌడరు ఎండిన వరిచేనులా నెర్రెలిచ్చింది. కంప్యూటర్‌కు నెర్రె అయినా ముడతయినా ఒకటే.

నెల తిరక్కుండా రిపోర్టు పుష్పవతిగారింటికి వచ్చింది. ఆ పూట పింఛన్ల విచారణకు వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆవిడ వసారాలోనే కూర్చుని చిన్నరసం మామిడిపండు జుర్రుతున్నాడు. కనకమ్మ ఆశగా కాగితం ఆయన ముందు పరిచింది. పైనున్న ఇంగ్లీషు చదివే ఓపిక ఆయనకు లేదు. పేర్ల ఎదుట అంకెలుంటే వయసే అనుకున్నాడు.

"కనకమ్మ, నలభై ఒకటి. పింఛనుకి అరవై అయిదు నిండాలి, ఇంకా ఇరవై నాలుగేళ్లు ఆగాలి నువ్వు. పుష్పవతి, తొంభై ఆరు... ఈ ముసలమ్మగారెక్కడండీ? ముందు ఆవిడకి రాసేద్దాం."

పుష్పవతిగారి ముఖం జేవురించింది. అవి ఏళ్లేనని ఒప్పుకుంటే తొంభై ఆరేళ్లు, కాదంటే తొంభై ఆరు ముడతలు.

"అవి ముడతలండీ," అని కనకమ్మే అడ్డుపడింది. "ముడతల్ని చూసి వయసెలా చెబుతారు? లేతకాయ కోసి మాగేస్తే, ముదురుకాయ కంటే ముందే ముడతలు పడదూ?"

"కాయల సంగతి నాకెందుకు? కాగితం ఉంటే చూపించండి."

పుష్పవతిగారు విసురుగా లోపలికెళ్లి, బీరువా అడుగునున్న స్కూలు సర్టిఫికెట్టు తెచ్చి గొంతు పెంచారు.

"చూడండి! నాకు నలభై తొమ్మిదే! నేను పుట్టేసరికే దీని చంకలో పిల్లాడున్నాడు. నన్నూ ఎత్తుకు తిప్పింది. నాకు తొంభై ఆరైతే దీనికెంతండీ?"

ఇన్‌స్పెక్టరు చేతులు తుడుచుకుని వేళ్లు మడిచాడు. "అప్పటికే పిల్లాడి తల్లి కాబట్టి, నలభై తొమ్మిదికి తక్కువలో తక్కువ పదహారు కలిపినా అరవై అయిదు. మీరు సాక్షి సంతకం పెట్టండి, చాలు."

ఆవిడ పెట్టేశారు. కనకమ్మ ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేసింది. తన అసలు వయసు వీధి చివరి దాకా వినిపించిందని పుష్పవతిగారికి అప్పుడు తట్టింది.

ఇన్‌స్పెక్టరు సర్టిఫికెట్టు తిరిగిచ్చాడు. "భద్రంగా దాచుకోండమ్మా. ఇంకో పదహారేళ్లకి మీకూ పనికొస్తుంది."