మూడు రోజుల సముద్రం

సముద్రం నడుమ దీవిలో ఉండే హోప్ టౌన్ జోగులు మంగళవారం పొద్దున్నే విశాఖపట్నం ప్రయాణమయ్యాడు. గురువారం ఉదయం అక్క అసిరమ్మ కూతురు కళ పెళ్లి. మేనమామ బుట్టలో మోసుకొస్తే తప్ప ఆ ఇంటి పెళ్లికూతురు పందిట్లోకి రాదు. ఉన్న మేనమామ ఒక్కడే. అందుకే కూతురు స్వాతి పట్టుబట్టి విమానానికి రానూపోనూ టికెట్లు తీసింది. పుట్టి బుద్ధెరిగాక ఓడ తప్ప ఎరగని జోగులు మాత్రం పులిహోర, నెత్తళ్ల వేపుడు, జంతికలు మూడు రోజులకు సరిపడా మూటగట్టాడు.

"నాన్నా, సిర్ఫ్ దో ఘంటా! ఇదంతా ఎవరు తింటారు?" అంది స్వాతి.

"వైజాగంటే మూడు రోజుల సముద్రమే తల్లీ. రెండు గంటల్లో ఎలాగయిపోద్ది? నాకు తెల్దేటి!"

విమానం ఎక్కేముందు అక్కకు ఫోన్ చేసి, "అక్కా, బయల్దేరీసినాను!" అన్నాడు. లోపలికి పిలుస్తున్నారని ఠక్కున పెట్టేశాడు. ఆ కుటుంబంలో ఫోన్లన్నీ అంతే. బయలుదేరానని చెప్పడం వెళ్లేవాడి పని, దానికి మూడు రోజులు కలుపుకోవడం వినేవాళ్ల పని.

అసిరమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. బుధ, గురు, శుక్ర. పెళ్లేమో గురువారం. తిరిగి చేస్తే ఫోన్ స్విచ్ ఆఫ్. "ఓడెక్కీసినాడు సచ్చినోడు!" అంటూ పురోహితుడి ఇంటికి పరుగెత్తింది. ఆయన పంచాంగం తిరగేసి, శుక్రవారం రాత్రి ముహూర్తం ఒకటుందన్నాడు. మగపెళ్లివారు కస్సుమన్నారు. పెళ్లికొడుకు నాయనమ్మ గడప దగ్గరే చతికిలబడింది. అసిరమ్మ ఆవిడ కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఒప్పించింది. పందిరివాళ్లకూ, వంటవాళ్లకూ, సన్నాయివాళ్లకూ కబుర్లు వెళ్లిపోయాయి.

అదే వేళకు జోగులు విమానం కిటికీకి ముక్కు ఆనించి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తనను మూడేసి రోజులు వాంతులు చేయించిన సముద్రం, దీవికి వచ్చేసిన నాన్నను వెతుక్కుంటూ అమ్మ దాటొచ్చిన సముద్రం, కింద కదలకుండా పడుకుని ఉంది. ఎంతకీ ఒడ్డు లేదు. నడుమ ఓ తెల్లని చుక్క.

"అమ్మ నాయనో! అది మన ఓడే భయ్యా! మా పక్కింటి నాగబాబు ఆదివారం ఎక్కినాడు, ఇంకా నీళ్ల మీదే ఉన్నాడు!" అని పక్కసీటాయన భుజం పట్టుకుని ఊపేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. సముద్రానికో విమానానికో అతనికే తెలియదు. మూట విప్పకముందే దిగమన్నారు.

ఇంటి ముందు ఆటో దిగిన తమ్ముణ్ని చూసి అసిరమ్మ కెవ్వుమంది.

"నువ్వు నీళ్ల మీదుండాల కదరా!"

"ఇమానంలో వచ్చీసినానే! రెండు గంటలే! సముద్రం మొత్తం సూసీసినాను!"

"నీ ఇమానం మండిపోనూ! నీ కోసం పెళ్లి శుక్రవారం రాత్తిరికి మార్చీసినాన్రా!"

జోగులు జేబు తడుముకున్నాడు. తిరుగు టికెట్ శుక్రవారం పొద్దుటిది. మళ్లీ గురువారానికి మార్చమని ఆ నాయనమ్మను అడిగే ధైర్యం పురోహితుడికి కూడా లేదు.

జోగులు స్వాతికి ఫోన్ చేశాడు. "ఆ తిరుగు టికెట్ రద్దు సేసీ తల్లీ. పెళ్లయినాక ఓడలో వస్తాను."

"ఓడలోనా? పాగల్ హో గయే క్యా నాన్నా?"

"అంత సముద్రమని పైనుంచి సూసేదాకా తెల్దే! ఒకపాలి మళ్లీ దాని మీద ఎల్లాల."

వంటవాళ్లు శుక్రవారం దాకా రామన్నారు. పొద్దున్నుంచీ పరుగులు పెట్టిన అసిరమ్మకు పొయ్యి వెలిగించే ఓపిక లేదు. అక్కాతమ్ముళ్లు అరుగు మీద కూర్చుని మూట విప్పారు. శుక్రవారం రాత్రి జోగులు మేనకోడలిని బుట్టలో ఎత్తుకుని పందిట్లోకి నడిచాడు.

అప్పటికి మూటలో ఒక్క జంతిక మిగిలింది.