దించిన బోర్డు

రిటైరైన కండక్టరు మామగారు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. బ్యాంకులో ఉన్న రిటైర్మెంటు డబ్బంతా తీసి, ఎదురుగా ఉన్న ఫైనాన్సు కంపెనీలో వెయ్యాలి. కనబడినవాళ్ళందరికీ "మీ డబ్బు రెట్టింపు చేస్తా" అని చెప్పే ఆ కంపెనీ యజమానిని వీధంతా రెట్టింపుగారు అని పిలుస్తుంది.

"నాన్నా, బ్యాంకు మునిగినా మన డబ్బుకి గ్యారంటీ ఉంది. అక్కడేముంది, ఆయన మీసం తప్ప?" అంది కూతురు.

"ఊరుకోవే! జీవితమంతా టికెట్లు కొట్టినవాణ్ణి. దొంగ మొహం నాకు తెలీదూ?" అంటూ ఆయన చెప్పులేసుకున్నాడు.

అల్లుడు బోర్డులు రాసే పెయింటరు. చెయ్యి బంగారమే కానీ, నిచ్చెన రెండో మెట్టెక్కితే కళ్ళు తిరుగుతాయి. అందుకే ఏ బోర్డునైనా కూలీలచేత దింపించి, ఇంటికి తెచ్చి నేలమీద పరిచి రాస్తాడు. ఆ రోజు దింపించింది బ్యాంకు బోర్డు. పెచ్చులు రాలి అద్దాల మీద పడకుండా షట్టరు కూడా సగం దింపించాడు. అల్లుడు ఎవరి బోర్డు రాస్తున్నాడో మామగారు ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

వీధి మలుపు తిరగగానే ఆయన బ్యాంకు వైపు చూసి ఠక్కున ఆగిపోయాడు. బోర్డు లేదు, షట్టరు సగం కిందికి ఉంది.

"ఓరి నాయనోయ్! బ్యాంకు ఎత్తేశారు!"

బస్టాండంతా వినిపించేలా అరిచి అరిచి పండిన గొంతు అది. మంగలి సగం గడ్డం గీసి పరుగెత్తాడు, ఆ సగం గడ్డం మనిషీ వెనకాలే పరుగెత్తాడు. టీకొట్టాయన పాలు పొంగిపోతున్నా చూడకుండా వచ్చాడు. తోపులాట మొదలయ్యేసరికి మామగారికి పాత అలవాటు పూనింది.

"ముందుకు జరగండి! ఆడవాళ్ళని ముందు పోనివ్వండి! తొయ్యకండి!"

అందరినీ సర్ది చూసుకుంటే, తానే ఆఖరున మిగిలాడు. కండక్టరెప్పుడూ ఆఖరునే ఎక్కుతాడు మరి. 'అయ్యో, నా బతుకంతా లోపలే ఉంది కదరా!' అని ఆయనకు ఏడుపొచ్చింది. అంతలో ఎవరో సంచీతో ఆయన్ని నెట్టుకుంటూ దూసుకొచ్చారు. చూస్తే రెట్టింపుగారు!

"లైన్లో రండి సార్!"

"తప్పుకోవయ్యా! నా డబ్బంతా ఇక్కడే ఉంది!"

లైనంతా ఆయన వైపు తిరిగింది.

"మీ డబ్బు మీ కంపెనీలో వేసుకోలేదా?" అన్నాడు మంగలి, ఆ కంపెనీలో తను వేసిన డబ్బు గుర్తొచ్చి.

"నాకేమన్నా పిచ్చా? ఇక్కడైతే గ్యారంటీ..." అని రెట్టింపుగారు నాలుక్కరుచుకున్నాడు.

షట్టరు కిందనుంచి వంగి బయటికొచ్చిన మేనేజరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "బోర్డుకి రంగు వేయిస్తున్నామండీ, అంతే. రేపు మేం నిజంగా మునిగినా, ఒక పరిమితి దాకా మీ డబ్బు మీకొస్తుంది. పైన మమ్మల్ని అడిగేవాళ్ళున్నారు."

గోడ తుడవడానికి బకెట్టుతో వచ్చిన అల్లుడు తెల్లబోయాడు. "మామయ్యగారూ, మీరేంటిక్కడ?"

"దించేముందు ఒక మాట చెప్పొద్దటయ్యా!" అని కసిరాడు కానీ, ఆయన పై కండువాతో కళ్ళు తుడుచుకోవడం అందరూ చూశారు. తన డబ్బు ఉన్నచోటే ఉంచేశాడు.

లైను మొత్తం రోడ్డు దాటి ఎదుటి కంపెనీ ముందు నిలబడింది. ఆ గోల విని తనిఖీ అధికారులు వచ్చారు. అనుమతి లేకుండా డిపాజిట్లు పుచ్చుకున్నాడని తేలింది. రెట్టింపుగారు బ్యాంకులో భద్రంగా దాచుకున్న సొమ్ములోంచే, మంగలితో సహా అందరి అసలూ తిరిగి ఇప్పించారు.

కంపెనీ బోర్డు దించే పని కూడా అల్లుడికే వచ్చింది. ఈసారి కూలి ముందే పుచ్చుకున్నాడు.