పులిగారి పన్ను

ఒక పెద్ద అడవిలో ఒక రూలుండేది. ఏడాదికోసారి, తొలకరి పడ్డాక, పెద్దపులి అందరి ముందుకొచ్చి నోరు తెరవాలి. నోట్లో పళ్ళుంటే ఇంకో ఏడాది అదే దొర. లేకపోతే దిగిపోవాలి. దాన్ని నోరు తెరిచే రోజు అనేవాళ్ళు. మిగతా రోజుల్లో ఆ అడవిలో ఎవరూ నోరు తెరిచేవాళ్ళు కాదు కాబట్టి పేరు బాగానే అతికింది.

దొరకి ఒక పీఏ ఉండేది, నక్క. దానికి జీతం లేదు. దొర తిన్నాక మిగిలిన ఎముకలే జీతం. ఆ ఎముకల మీదే పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కంది, కాస్త పొట్ట కూడా పెంచింది.

ఇక పన్ను సంగతి. గడ్డి తినే ప్రతి కుటుంబం వారం వారం ఒక మోపు పచ్చగడ్డి దొర గుహకి మోసుకెళ్ళాలి. దొర గడ్డి తినదు. దాని మీద పడుకుంటుంది.

"మన నోటికాడ కూడు దాని నడుం కింద పరుపు" అని చుక్కలదుప్పి అనేది. ఎవరూ లేనప్పుడే అనేది.

ఒకరోజు పొద్దున్నే దొర అడవిపంది తొడెముక కొరికింది. కటుక్కుమంది.

"ఒరే నక్కా, విన్నావా?"

"విన్నా దొరా. ఎముకేగా."

"ఎముక కాదురా."

నక్క గుండె జారి అరికాల్లోకొచ్చింది. చూపు మాత్రం ఎముక మీదే ఉంది.

ఉప్పునీళ్ళు పుక్కిలించారు. లవంగం పెట్టారు. జామాకు నమిలించారు. పొద్దున ఉసిరికాయంత ఉన్న బుగ్గ సాయంత్రానికి మారేడుకాయంత అయింది. సరిగ్గా అప్పుడే చిరుతపులి అటుగా వచ్చింది.

"ఏం పెదనాన్నా, బుగ్గలో ఏదో దాచుకున్నావ్. మాకూ కాస్త పెట్టొచ్చుగా" అని, తీరిగ్గా ఆవలించింది. తెల్లటి కోరలు ఎండకి మెరిశాయి. ఎండాకాలం మొదలైనప్పట్నుంచీ చిరుత ఎవరు ఎదురుపడినా ఆవలిస్తానే ఉంది. నిద్రొచ్చి కాదు, ప్రచారం.

చిరుత దొరయితే తన గతేంటని నక్క ఆలోచించింది. చిరుత వేటాడిందంతా చెట్టెక్కించుకుని తింటుంది. కింద ఒక్క ఎముక రాలదు. ఇంకేముంది, పిల్లాజెల్లా పస్తే.

"దొరా, తెల్లారగానే పదండి పంటాస్పత్రికి" అంది.

పంటాస్పత్రి ఇప్పచెట్టు తొర్రలో ఉంది. పూర్వం పన్ను నొప్పంటే ఎవరో ఒకరు చూసి పీకేవాళ్ళు. ఇప్పుడలా కాదు. తవ్వడానికొకరు, మత్తుకొకరు, కట్టడానికొకరు. ఒకరి పంట్లో ఇంకొకరు వేలు పెట్టరు.

తవ్వేది వడ్రంగిపిట్ట. దొర నోట్లోకి దూరి టక్ టక్ మని కొట్టి చూసింది.

"పంటి మొదట్లో పురుగుంది సార్. రూట్ కెనాల్ చేసి, పైన కిరీటం పెట్టాలి."

"నాకు కిరీటం ఉంది" అంది దొర.

"అది నెత్తికి సార్. ఇది పంటికి. క్యాప్ అంటారు చూడండి."

"నోట్లోది నిలబడితేనే నెత్తిమీదది నిలబడుద్ది దొరా, కానివ్వండి" అంది నక్క.

మత్తు డాక్టరు ముళ్ళపంది. వెనక్కి తిరిగి నడుస్తూ వచ్చి చిగురు మీద ఒక ముల్లు గుచ్చిపోయింది. దొర నాలుక మొద్దుబారి చెప్పుముక్కలాగా వేలాడింది. వడ్రంగిపిట్ట తవ్వి, పురుగుని బయటికి లాగి, అటూ ఇటూ చూసి మింగేసింది. దాని కళ్ళు మెరిశాయి.

"పక్కపంట్లో కూడా ఉన్నట్టుంది సార్" అంది.

"వ్వొ... వ్వొ" అంది దొర.

"ఏమంటున్నారు?"

"కానివ్వమంటున్నారు" అంది నక్క.

ఒకదాని పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. కొన్నిట్లో పురుగుంది, కొన్నిట్లో ఉందేమోనని చూశారు. ఎండ నడినెత్తికొచ్చేసరికి వడ్రంగిపిట్ట కడుపు నిండింది, దొర నోరు ఖాళీ అయింది.

"ఇప్పుడు క్యాప్ పెడదామంటే కింద పన్ను లేదు సార్. ఇంక ఈ కేసు నాది కాదు. కట్టుడు పళ్ళ డాక్టరు ఎలుగుబంటిది" అని మూతి తుడుచుకుంది.

నక్క దాని రెక్క పట్టుకుంది. "ఈ మాట బయటికి పొక్కిందంటే నీ ముక్కు విరుగుద్ది."

"ఛఛ, పేషెంటు సంగతులు మేం ఎవరికీ చెప్పం" అని వడ్రంగిపిట్ట, అవతలి చెట్టుకింద ఉన్న ఎలుగుబంటికి వినబడేలా గట్టిగా కేకేసింది. "ఎలుగన్నా, దొరవారి పన్ను తీసేశాం. చివరి పన్ను కూడా తీసేశాం. ఇంక ఒక్క పన్ను కూడా లేదు."

పై కొమ్మ మీద కాకి ఉంది.

కాకి పాపం అబద్ధం చెప్పలేదు. విన్నది విన్నట్టే అడవంతా తిరిగి చెప్పింది. "దొర పన్ను తీసేశారంట. ఇంక ఒక్క పన్ను కూడా లేదంట."

దొర, నక్క ఇంటికొచ్చేసరికి గుహ ముందు జనమే జనం. దుప్పులు, కుందేళ్ళు, కణుజులు, గుంపులు గుంపులు. దొర రెండు పంజాలూ మూతికి అడ్డం పెట్టుకుంది.

చుక్కలదుప్పి ముందుకొచ్చింది. "ఏం నక్క బాబాయ్, ఒక్క పన్ను కూడా లేదంట కదా. నిజమేనా?"

నక్క దొరకి అడ్డంగా నిలబడింది. "ఎవరమ్మా చెప్పింది?"

"అడవంతా చెప్పుకుంటంది. దొరవారి నోట్లో తేనె పొయ్యా. ఇంక మేం గడ్డి మొయ్యక్కర్లేదంటే నాకు ఏడుపొస్తంది బాబాయ్."

నక్కకి అప్పుడు వెలిగింది. ఊపిరి పీల్చుకుని, తోక సర్దుకుని, ఒక రాయెక్కింది.

"నిజమే తల్లీ. ఈ పన్ను వల్ల ఎంత నొప్పో దొరవారికి తెలుసు. రాత్రులు నిద్రపోలేదు. ఇంక ఒక్క క్షణం కూడా ఉంచొద్దని స్వయంగా నోరు తెరిచి, దగ్గరుండి తీయించేశారు. చూడండి, ఆ బాధకి ముఖం ఎట్లా వాచిపోయిందో."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. కుందేళ్ళు కళ్ళొత్తుకున్నాయి. ఒక ముసలి కణుజు దొర కాళ్ళ మీద పడింది. దొరకి జాలేసి కాదు, ఆకలేసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ రోజు నుంచీ దొరకి ఎక్కడలేని మంచిపేరు. కానీ పేరు కొరుక్కుతినలేం కదా. దొర తేనె నాకింది, గుడ్లు తాగింది. గుడ్లు తాగితే ఎముకలేం మిగులుతాయి. నక్క పొట్ట వెనక్కెళ్ళి వీపుకి అతుక్కుంది.

"ఏమయ్యా, ఇంట్లో పెంకులే తెస్తున్నావ్" అని నక్క పెళ్ళాం అడిగింది.

"కొన్నాళ్ళు ఓర్చుకోవే. పళ్ళు కట్టించగానే మొదటి తొడెముక నీకే."

ఎలుగుబంటి కొలతలు తీసే పద్ధతి ఇది. తేనెపట్టు మైనం ముద్ద చేసి నోట్లో పెడతారు. కరిచిపట్టుకుంటే దవడ అచ్చు పడుతుంది. ఆ అచ్చుని బట్టి, ముసలి ఏనుగు ఎప్పుడో విరగ్గొట్టుకున్న దంతం ముక్కని చెక్కి పళ్ళు చేస్తారు. దొర అచ్చు బ్రహ్మాండంగా పడింది. ఎలుగుబంటి దాన్ని రాయి మీద ఆరబెట్టి, పని మొదలెడదామని కూర్చుంది.

మైనం అంటే మైనమే, కానీ తేనె వాసన పోదు కదా. ఒక అంచు నాకి చూసింది. అంచులో ఏముంటుంది, కొలతంతా మధ్యలోనే అనుకుంది. రెండో అంచు కూడా నాకింది. కాసేపటికి చూసుకుంటే దొర దవడ మొత్తం ఎలుగుబంటి కడుపులో ఉంది.

మళ్ళీ కొలత కావాలని అడిగితే నక్క ఊరుకోదు. ఏం చెయ్యాలా అని తల గోక్కుంటుంటే, పళ్ళు తోమించుకోడానికి అడవిదున్న వచ్చింది.

"బావా, ఈ మైనం కాస్త కరిచిపెట్టు" అంది ఎలుగుబంటి.

"ఎందుకు?"

"ఊరికే. నీ పళ్ళు ముచ్చటగా ఉంటాయ్."

దున్నకి ఆ మాట పుట్టాక ఎవరూ అనలేదు. మనసారా కరిచిపెట్టింది.

పళ్ళు తయారయ్యాక నక్క తిప్పి తిప్పి చూసింది. దున్నకి, ఆవుకి, మేకకి పైన ముందుపళ్ళు ఉండవు. ఆ సంగతి పాలు పితికేవాడికి తెలుసు, ఎముకలు కొరికే నక్కకేం తెలుసు.

"ఇదేంటి, పైన ముందువైపు ఖాళీ?"

"గాలాడటానికి" అంది ఎలుగుబంటి. "కొత్త మోడలు."

"కోరలేవి?"

"లోపలికి మడిచి పెట్టాం. నోట్లో సర్దుకున్నాక అవే దిగుతాయ్."

స్పెషలిస్టు చెప్తే కాదనేదేముంది. తుమ్మబంక రాసి బిగించారు. దున్న దవడ పెద్దది, పులి మూతి చిన్నది. పెదాలు దగ్గరికి రావడం మానేశాయి. దొర ఎప్పుడు చూసినా నవ్వుతున్నట్టే ఉంది.

నోరు తెరిచే రోజు రానే వచ్చింది. పళ్ళు చూసే అధికారి తాబేలు. అడవి మొత్తం చెరువు గట్టున కూర్చుంది. చిరుత ఒకసారి ఆవలించి ముందు వరసలో కూర్చుంది. దొర వచ్చింది. నోరు తెరిచింది. తాబేలు మెడ సాగదీసి చాలాసేపు చూసింది. నక్క కళ్ళు మూసుకుని ఎముకల్ని తలుచుకుంది.

"పళ్ళున్నాయ్" అంది తాబేలు.

చిరుత లేచి నిలబడింది. "ఏవండీ తాబేలుగారూ, అవి పులి పళ్ళేనా? కోరల్లేవ్. అవి నమిలే పళ్ళు. గడ్డి పళ్ళు."

తాబేలు డొప్పలోకి తల లాక్కుని రూలు గుర్తు చేసుకుని మళ్ళీ బయటికొచ్చింది. "రూల్లో పళ్ళుండాలని ఉంది. ఏ పళ్ళని లేదు."

ఈలోగా వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. చుక్కలదుప్పి తోటికోడల్ని పొడిచింది. "అక్కా చూడవే. అచ్చం మన పళ్ళే."

"పైన ముందుపళ్ళు కూడా లేవే."

"పన్ను తీసేశాడు. కోరలు తీసేశాడు. ఎప్పుడూ ఆ నవ్వుమొహం. ఇంకేం కావాలే మనకి? ఈయన మనోడు."

మనోడు, మనోడు అని వెనకనుంచి ముందుకి పాకింది. అడవిదున్నయితే, ఆ పళ్ళు ఎక్కడో చూసినట్టుందే అని ఆలోచిస్తూనే అందరికంటే గట్టిగా అరిచింది. దొర గెలిచింది. అంతకుముందు ఏ దొరా అంత గట్టిగా గెలవలేదు.

చిరుత తోక దులుపుకుంది. "మంచిది. మీ మనోడు మీకే. నేను కొండ అవతలికి పోతన్నా" అని నిజంగానే పోయింది.

ఆ సాయంత్రం నక్క ఎక్కడెక్కడో తిరిగి చచ్చిన అడవిపందిని ఈడ్చుకొచ్చి దొర ముందు పెట్టింది. పెళ్ళాం పిల్లల్ని కూడా తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టింది.

దొర కొరికింది. పళ్ళు జారాయి. ఇంకో వైపు నుంచి కొరికింది. తోలు మీద తడి అయింది తప్ప గాటు పడలేదు. పంజాతో చీల్చుకుని ఒక ముక్క నోట్లో వేసుకుంటే అటూ ఇటూ దొర్లింది గానీ తెగలేదు.

"మడిచిన కోరలు దిగలేదేంట్రా?"

"దిగుతాయ్ దొరా. కొత్త కదా."

దొర విసిగిపోయి పాత పరుపు మీద వాలింది. కోపంగా పళ్ళు నూరుతుంటే ఒక గడ్డిపరక మధ్యలో పడింది. కర్ కర్ మని నలిగింది. దొర ఆగింది. ఇంకో పరక వేసుకుంది. ఆ పళ్ళు ఆ గడ్డిని అట్లా నమిలాయి, ఇట్లా నమిలాయి, నమిలినకొద్దీ రసం దిగింది. ఎన్నాళ్ళ ఆకలో. పరుపంతా తినేసి దొర కటికనేల మీద పడుకుంది.

నక్క పందిని చూసింది, దొరని చూసింది. ఇంక పందిని కొట్టే దొర లేదు. చచ్చిన పంది రోజూ దొరకదు.

పొద్దున లేవగానే దొర అంది, "ఒరే, పన్ను కట్టమను."

కాకి వెళ్ళి చెప్పింది. "దొర పన్ను కట్టమంటున్నారు."

"కట్టించుకున్నారుగా. చూశాంగా, బాగానే కుదిరాయి" అంది చుక్కలదుప్పి.

నక్క స్వయంగా వెళ్ళాల్సొచ్చింది. "ఆ పన్ను కాదమ్మా, ఈ పన్ను. గడ్డి మోపులు."

"తీసేశారన్నావ్ కదా బాబాయ్?"

"తీసేసింది ఆ పన్ను. ఈ పన్నుని ఎవరు ముట్టుకున్నారు?"

పూర్వం గడ్డి పరుపుకే కాబట్టి కుటుంబానికి వారానికో మోపు సరిపోయేది. ఇప్పుడు తిండి. మాంసం తిన్నప్పుడు దొర ఒకసారి తిని మూడ్రోజులు నిద్రపోయేది. గడ్డి తిన్నప్పట్నుంచీ నిద్రే లేదు, పొద్దస్తమానం నములుతానే ఉంది. చెరువు గట్టు బోడయింది. తర్వాత మైదానం. తర్వాత వాగు ఒడ్డు. దుప్పులకి డొక్కలు బయటపడ్డాయి.

చుక్కలదుప్పి గుహ దగ్గరికొచ్చింది. "దొరా, పిల్లలకి పాలు రావట్లేదు. ఒక్క పూట ఆపండి."

దొర నములుతా నవ్వింది. అంటే, నవ్వలేదు. మూతి మూతపడదు, అంతే.

"అప్పుడైతే మాలో ఎవరో ఒకళ్ళం పోయేవాళ్ళం, మిగతావాళ్ళకి కడుపు నిండేది" అంది దుప్పి, తిరిగెళ్తూ నక్కతో. "ఇప్పుడు ఎవరం పోవట్లేదు. అందరం ఉండి ఎండిపోతన్నాం. నువ్వు ఏం తింటన్నావ్ బాబాయ్?"

నక్క మూతి పక్కకి తిప్పుకుంది. దాని మూతికి ఒక గడ్డిపరక అంటుకుని ఉంది. దొర నమిలి ఊసినది.

ఆ తర్వాత నక్క ఇప్పచెట్టు దగ్గరికి వెళ్ళింది. లోపల వడ్రంగిపిట్ట, అవతలి చెట్టుకింద ఎలుగుబంటి ఖాళీగా ఉన్నాయి.

"రండి రండి. దొరవారి పళ్ళు ఎట్లా ఉన్నాయ్?"

"బాగున్నాయ్. తియ్యడానికి రావట్లేదుగా."

"తుమ్మబంక కదండీ. లాగితే దవడ కూడా వస్తది. మీకేంటి సమస్య?"

నక్క బల్ల మీద పడుకుని నోరు తెరిచింది. కోరలన్నీ తెల్లగా, గట్టిగా, వరసగా ఉన్నాయి. వడ్రంగిపిట్ట టక్ టక్ మని కొట్టి చూసి పెదవి విరిచింది. ఒక్క పురుగు లేదు.

"మీ పళ్ళు నిక్షేపంలా ఉన్నాయండీ. హాయిగా వేటాడుకోవచ్చు."

"పీఏగా చేరినప్పుడే వేట మర్చిపోయా" అంది నక్క. "అన్నీ తీసెయ్యండి. దొరవారికి పెట్టినట్టే పెట్టండి."

ముళ్ళపంది వెనక్కి తిరిగి నడవడం మొదలెట్టింది. అవతల చెట్టుకింద ఎలుగుబంటి, దున్నకి కబురు పెట్టింది.

ఇందులో నీతి ఏంటని అడిగేవాళ్ళకి: కోరలున్న దొరకి భయపడితే సరిపోద్ది, కోరలు పోయిన దొరని మేపాలి.