తొక్కని పెడల్

ఎనిమిదికి మిషన్ పరీక్ష, తొమ్మిదికి అక్కని బల్ల ఎక్కించడం, పదిన్నరకల్లా పిత్తాశయంలో రాళ్ళు బయట. ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ ఆ ఉదయం వేసుకున్న లెక్క అదీ. రెండేళ్ళు బతిమాలితే అక్క ఒప్పుకుంది. ఈరోజు తప్పిందా, ఆ పిరికిమనిషి మళ్ళీ ఈ గడప తొక్కదు, నొప్పితో మెలికలు తిరుగుతూ ఇంట్లోనే ఉంటుంది. అదే అతని బెంగ.

ఆ మిషన్ కరెంటుతో కండ కోసి, తెగిన రక్తనాళాన్ని అక్కడికక్కడే మూసేస్తుంది. పెడల్ తొక్కితే కూత వస్తుంది, పెన్నులాంటి పరికరం మొన కాలుతుంది. పరీక్షకని ఒక మాంసం ముక్క మీద ఆ మొన ఆనించి పెట్టాడు. ఇంకా పెడల్ మీద కాలు వెయ్యనే లేదు.

కూ. కూ. కూఊఊ...

ముక్క మీంచి పొగ లేచింది. పెడల్ రెండడుగుల దూరంలో దానిమానాన అది పడి ఉంది. కాలిన వాసన గదంతా కమ్మేసింది.

"రెండు పొట్టివి, ఒకటి పొడుగు," అంది నర్సు గోడకి అతుక్కుపోయి. "పోయిన నెల చనిపోయిన పెద్ద డాక్టరుగారు అచ్చం ఇలాగే తొక్కేవారు!"

"ఊరుకో సిస్టర్! మా అందరికీ అలా నేర్పింది ఆయనే," అన్నాడే గానీ, అతనికీ ముచ్చెమటలు పోశాయి.

ధైర్యం కూడదీసుకుని తనూ అలాగే తొక్కాడు. ఎదురుగా ఉన్న మిషన్ కిక్కురుమనలేదు. పక్క థియేటర్లో మాత్రం కెవ్వుమని కేక! అక్కడి టెక్నీషియన్ పరుగున వచ్చి నర్సుని గుద్దుకుంది.

"మా మిషన్ దానంతటదే కూస్తోందండీ!"

నర్సు కూలబడింది. గొడవ విని వచ్చిన సర్జన్ చేతి తొడుగులు విప్పేశాడు. "ఈ పూటకి ఆపరేషన్లు లేవు. అందర్నీ ఇంటికి పంపెయ్యండి."

"అయ్యో, మా అక్క..." టెక్నీషియన్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"ఒరేయ్ తమ్ముడూ!" రెండు థియేటర్ల మధ్య అద్దాల నడవలో, చక్రాల కుర్చీలోంచి అక్క పిలిచింది. "ఇందాకట్నుంచీ చూస్తున్నా. ఆవిడ అక్కడ తొక్కితే ఇక్కడ కూసింది. నువ్విక్కడ తొక్కితే అక్కడ కూసింది. ఆ పెడళ్ళకి వైర్లు కూడా లేవాయె. ఎవరో తారుమారు చేసి పెట్టారు."

ఎవరో ఏమిటి! నిన్న రెండు పెడళ్ళూ కడిగి, ఆరబెట్టి, ఎత్తిపెట్టిన మహానుభావుడు అతనే. ఆ మాట నసుగుతూ ఒప్పుకున్నాడు.

"దయ్యమైతే పారిపోదును," అంది అక్క కుర్చీలోంచి లేస్తూ. "నీ పరధ్యానం నాకు నలభై ఏళ్ళ అలవాటు. పదండి, కానివ్వండి."

పెడళ్ళు మార్చి, రెండుసార్లు పరీక్షించి, అక్కకి మత్తిచ్చి మొదలుపెట్టారు. తొలి కూతకి అక్క పొట్టమీంచి సన్నటి పొగ లేచింది. అది చూసి తమ్ముడు నిలువునా పడిపోయాడు.

మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్క మంచాల మీద ఉన్నారు. ముందు కళ్ళు తెరిచింది అక్కే.