పడక పుళ్లు లేని ఆస్పత్రి

మా ఊరి ఆస్పత్రిలో మంచాన పడ్డ రోగులకి ఒరిపిడితో వచ్చే పడక పుళ్లు ఒక్కటీ లేవని శుక్రవారం నాడు తన తనిఖీలో తేలుతుందని ఆరోగ్యమంత్రి గారు సోమవారమే ప్రకటించారు. అంతటి ముందుచూపు అందరికీ ఉండదు.

మా నాన్న అదే ఆస్పత్రిలో, వృద్ధుల వార్డులో, కదల్లేక పడి ఉన్నాడు. రెండు గంటలకోసారి సిస్టర్ ఆయన్ని ఒత్తిగిలించి చార్టులో రాసేది. మంగళవారం నుంచి నర్సులందరికీ అవగాహన సదస్సు పెట్టారు. రోగిని రెండు గంటలకోసారి ఎందుకు తిప్పాలో మూడు రోజులపాటు పొద్దస్తమానం బోధించారు. రాత్రిళ్లు నర్సులు హోంవర్కు రాసుకున్నారు. నాన్నను నేను తిప్పబోతే, శిక్షణ లేనివాళ్లు ముట్టుకోకూడదని అటెండరు కసిరాడు. చార్టు మాత్రం శుక్రవారం సాయంత్రం దాకా ముందే నింపేశారు.

శుక్రవారం పొద్దున సిస్టర్ వస్తూనే నాన్నను ఒత్తిగిలించింది. నడుము కింద కోడిగుడ్డంత మేర చర్మం లేచిపోయి, పచ్చిగా ఉంది. ఆవిడ చార్టులో "పుండు" అని రాసింది. సూపరింటెండెంట్ గారు పరుగున వచ్చారు.

"నిన్నెవరు చూడమన్నారమ్మా?"

"చూడాలనే కదా సార్ సదస్సులో చెప్పారు?"

"చూడ్డం గురించి చెప్పాం. చూడమన్నామా? మిగతా వార్డుల్లో ఒక్క పుండైనా ఉందా?"

"అక్కడ ఎవరూ తిప్పి చూళ్లేదు సార్."

"క్రమశిక్షణంటే అదీ!"

సిస్టర్‌కి మెమో ఇచ్చారు. నాన్నకు నిన్నటి తేదీతో డిశ్చార్జి రాశారు.

"ఆయన లేవలేడండీ!" అన్నాను.

"లేవమన్నానా? కాగితం మీద వెళ్లిపోయాడంతే."

"మరి మంచం మీదున్నదెవరు?"

"రోగుల్ని చూడ్డానికొచ్చిన బంధువు."

"పుండుకు కట్టైనా కట్టించండి."

"బంధువులకి కట్లు కట్టే రూలు లేదు బాబూ."

మంత్రిగారు మధ్యాహ్నం వేంచేశారు. నాన్న దగ్గర ఆగి, పరామర్శకు వచ్చిన పెద్దమనిషని తెలుసుకుని, చెయ్యి పట్టుకుని ఊపారు. "మీలాంటివాళ్లు వచ్చి పలకరిస్తే చాలు, రోగికి సగం జబ్బు తగ్గిపోతుంది" అన్నారు. నాన్న మూలిగాడు. అది వినయమనుకుని మంత్రిగారు మెచ్చుకున్నారు. ఫొటోలు తీశారు. ఆస్పత్రికి షీల్డు ఇచ్చి వెళ్లారు.

ఐదింటికి వాచ్‌మన్ గంట కొడుతూ వార్డులోకి వచ్చాడు. చేతిలో కాగితం చూసుకుని తిన్నగా నాన్న మంచం దగ్గరికి నడిచాడు.

"టైమైపోయింది పెద్దాయనా. లేవండి లేవండి, చూడ్డానికొచ్చినవాళ్లంతా బయటికి!"